బిట్‌కాయిన్ డబ్బేనా? దాచుకోవడానికైనా పనికొస్తుందా?

పాతనాణెం:
2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ దాదాపు 69 వేల డాలర్లు. ఏడాది తిరిగేసరికి 16 వేల చిల్లర. ఇది దాచుకునే సొమ్మా? పైగా దాని విలువ చెప్పడానికి కూడా డాలరే కావాలి. కొలబద్దను కొలవడానికి ఇంకో కొలబద్దా?

గొలుసుకట్టు:
శిఖరం దగ్గర మొదలుపెట్టి లోయలో ఆపేశారు, భలే లెక్క. 2010 మే నెలలో 10,000 బిట్‌కాయిన్లకు వచ్చింది రెండు పిజ్జాలు. అక్కణ్నుంచి లెక్కేయండి. మొత్తం 2.1 కోట్లకు మించి పుట్టవు. కొత్తగా పుట్టేవి దాదాపు నాలుగేళ్లకోసారి సగమవుతాయి, 2024 నుంచి ఒక్కో బ్లాకుకు, అంటే చిట్టాలో చేరే ఒక్కో లావాదేవీల కట్టకు, 3.125 మాత్రమే. 1971లో బంగారంతో ముడి తెగాక డాలరుకు అలాంటి హద్దేముంది?

పాతనాణెం:
ఆ పిజ్జా షాపు బిట్‌కాయిన్ తీసుకోలేదండీ. మధ్యలో ఒకాయన అవి పుచ్చుకుని, మామూలు డబ్బుతో ఆర్డరిచ్చాడు.

చిన్నక్షరం:
అయితే ఏంటి? కడుపు నిండిందిగా 😀

గొలుసుకట్టు:
ఇద్దరు ఇష్టపడి ఇచ్చిపుచ్చుకున్నారు. డబ్బంటే అదే.

పాతనాణెం:
షాపు తీసుకుందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

లెక్కలపద్దు:
పిజ్జా వదిలేయండి బాబూ. ఎల్ సాల్వడార్ దేశం 2021లో దీన్ని చట్టబద్ధమైన డబ్బుగా చేసింది. 2025లో, దుకాణాలు తీసుకుని తీరాలన్న నిబంధన తనే ఎత్తేసింది. చెల్లుబాటు వేరు, చలామణి వేరు.

గొలుసుకట్టు:
మీకు ఎప్పుడైనా బ్యాంకు ఖాతా ఆగిపోయిందా? నాది 19 రోజులు ఆపేశారు. ఇంకెవరి పేరో నా పేరూ ఒకటే అట! అద్దె కట్టలేక ఇంటాయన ముందు తల దించుకున్నాను. కౌంటర్లో అడిగితే ‘పైనుంచి రావాలి’ అన్నారు. నా డబ్బుకు నేను అర్జీ పెట్టుకోవాలా?

పాతనాణెం:
19 రోజుల తర్వాత తెరుచుకుందా?

గొలుసుకట్టు:
తెరుచుకుంది. అయితే?

పాతనాణెం:
మా నాన్నగారు తన బిట్‌కాయిన్ వాలెట్‌కు తాళంచెవిలాంటి 12 మాటలు చీటీ మీద రాసిపెట్టి పోయారు. మడత దగ్గర తడిసి చివరి ఐదూ అలుక్కుపోయాయి. బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ ఉండే లెడ్జర్లో సొమ్ము ఇవాళ్టికీ కనిపిస్తోంది, ఎవరైనా చూడొచ్చు. ముట్టుకోలేం. మీకు అర్జీ పెట్టుకోవడానికి ఓ మనిషున్నాడు. నాకు వాడూ లేడు.

గొలుసుకట్టు:
అది చీటీ తప్పు, బిట్‌కాయిన్‌ది కాదు. ఆపగలిగే మనిషి ఉండకూడదనే నేను ఇటొచ్చింది.

పాతనాణెం:
ఆపగలిగేవాడు లేకపోతే సరిదిద్దేవాడూ ఉండడు. పొరపాటు పడని మనుషులకైతే సరే.

గొలుసుకట్టు:
... నాన్నగారి సంగతి తెలియక అన్నాను. సారీ. మాట మాత్రం మార్చుకోను.

లెక్కలపద్దు:
పాతనాణెం గారూ, ఒక్క మాట. ఆ 12 మాటలను ఏరే పట్టికలో ఉండేవి 2,048 మాటలే, మొదటి నాలుగు అక్షరాలు తెలిస్తే ఏ మాటో తేలిపోతుంది. చీటీలో ఏమైనా ఆనవాళ్లున్నాయా? ఫోటో మాత్రం ఇక్కడ పెట్టకండి. సాయం చేస్తామని ఎవరు మెసేజ్ పెట్టినా ఇవ్వకండి, నేను అడిగినా సరే.

పాతనాణెం:
రెండు మాటలకు ఉన్నట్టే ఉన్నాయి. రేపు పగటి వెలుతురులో చూస్తాను.