వీడియో చూశామంటారు, క్లాసులో అడిగితే చెప్పలేరు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఫిజిక్స్ టీచర్:

నేను తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. పోయిన నెల న్యూటన్ నియమాల పాఠం వీడియోగా చేశాను. 38 నిమిషాలు వచ్చింది. చప్పుడు వినిపించకూడదని ఫ్యాన్ ఆపేసి, అందరూ పడుకున్నాక మూడు రాత్రులు కూర్చుని రికార్డు చేశాను. క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడితే గంటలో బొటనవేలు పైకెత్తిన గుర్తులు వరసగా వచ్చాయి. చాలా సంతోషపడ్డాను.

మర్నాడు క్లాసులో ఒకటే ప్రశ్న అడిగాను. బంతిని నిటారుగా పైకి విసిరాం. చేతిని వదిలేశాక అది పైకి వెళ్తున్నంతసేపు దాని మీద ఏ బలాలు పనిచేస్తాయి? గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దన్నాను. దాదాపు అందరూ ఒకే జవాబు చెప్పారు: "పైకి మన చేయి ఇచ్చిన బలం, కిందికి గురుత్వాకర్షణ." చేయి వదిలాక పైకి తోసే బలం ఏదీ ఉండదని వీడియోలో రెండుసార్లు చెప్పాను. చూడలేదా అంటే, చూశారు. కొందరు బొమ్మతో సహా నోట్సు రాసుకున్నారు కూడా.

రెండో సంగతి రాయడానికి బాధగా ఉంది. ఆ గ్రూపు నుంచి ఒక అమ్మాయి నంబరు బయటికి వెళ్లింది. ఎవరో తెలియని వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్‌లు రావడంతో వాళ్ల అమ్మగారు ఆమెను గ్రూపులోంచి తీసేశారు. పాఠం కోసం నేను పెట్టిన గ్రూపు వల్ల ఒక పిల్లకు పాఠమే దూరమైంది. ఈ పని మానేయాలని లేదు, సరిగ్గా చేయాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కెమిస్ట్రీ మాస్టారు:

మేడం, మీ పిల్లలు అబద్ధం చెప్పలేదు. చూశారు, అర్థమైందనే అనుకున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో సరిగ్గా దీని మీదే పరిశోధన చేసి 2008లో డాక్టరేట్ తీసుకున్నారు (తర్వాత యూట్యూబ్‌లో వెరిటాసియం అనే సైన్స్ ఛానెల్ పెట్టింది ఈయనే). భౌతికశాస్త్రాన్ని శుభ్రంగా, సూటిగా వివరించే వీడియో చూపిస్తే విద్యార్థులు "తేలిగ్గా అర్థమైంది" అన్నారు. పరీక్ష పెడితే మార్కులు పెద్దగా మారలేదు. తాము ముందే అనుకుంటున్న తప్పునే వీడియో కూడా చెబుతోందని అనుకున్నారు. అదే పాఠంలో ముందు ఆ తప్పు అభిప్రాయాన్ని ఒకరి నోట చెప్పించి, అది ఎందుకు కుదరదో చర్చించిన వీడియో చూసినవాళ్లు "గందరగోళంగా ఉంది" అన్నారు గానీ, వాళ్లే ఎక్కువ నేర్చుకున్నారు. మీ బంతి ప్రశ్నకు వచ్చిన జవాబు చూడగానే నాకు గుర్తొచ్చింది ఇదే. ఆ తప్పు జవాబుతోనే వీడియో మొదలుపెట్టండి.

ఇక నిడివి. ఎడెక్స్ అనే వేదికలోని ఆన్‌లైన్ కోర్సుల్లో విద్యార్థులు వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను పరిశీలించి ఫిలిప్ గువో బృందం 2014లో ఒక పత్రం ప్రచురించింది. వీడియో ఎంత పొడవున్నా, కనీసం సగం సందర్భాల్లో విద్యార్థి నిలబడింది ఆరు నిమిషాల లోపే. మీ 38 నిమిషాల్లో బంతి ఎన్నో నిమిషంలో వచ్చిందో ఒకసారి చూసుకోండి.

నా సంగతి చెబుతాను. మోల్ భావన మీద 45 నిమిషాల వీడియో చేశాను. తర్వాత దాన్ని ఎనిమిది ముక్కలు చేశాను. నిడివి తగ్గింది గానీ పిల్లల్లో మార్పు రాలేదు. ప్రతి ముక్క చివరా ఒక ప్రశ్న పెట్టి, "ఇక్కడ ఆపండి, కాగితం మీద రాయండి, ఆ కాగితం రేపు తీసుకురండి" అన్నాకే మార్పు కనిపించింది. ఎడ్‌పజిల్ లాంటి సాధనాలు వీడియోను మధ్యలో ఆపి ప్రశ్న అడుగుతాయి. అది లేకపోయినా కాగితం చాలు.

ఇంకో మాట. వివరణ ఇంట్లో వీడియోగా చూసి, సాధన క్లాసులో చేసే ఈ పద్ధతికి (ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటారు) పేరు తెచ్చిన జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ ఇద్దరూ కెమిస్ట్రీ టీచర్లే. అమెరికాలోని కొలరాడోలో 2007లో, బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. వివరణ ఇంటికి వెళ్లిపోవడంతో క్లాసు పీరియడు ఖాళీ అయింది. ఆ సమయంలో ఒక్కో పిల్లవాడి పక్కన కూర్చోగలిగారు. వీడియో ఇచ్చి, క్లాసులో మళ్లీ అదే పాఠం చెబితే ఆ లాభం రాదు.

లెక్కల టీచర్:

నేను గ్రూపు సంగతి మాత్రమే రాస్తాను. మామూలు వాట్సాప్ గ్రూపులో ప్రతి సభ్యుడి నంబరు మిగతా అందరికీ కనిపిస్తుంది. పిల్లలున్నచోట అది వద్దు. ఛానెల్ పెట్టండి. వాట్సాప్‌లోనైనా టెలిగ్రామ్‌లోనైనా ఛానెల్ చూసేవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. పోస్టు మీరే పెడతారు కాబట్టి శుభోదయాలు, ఫార్వర్డులు కూడా ఉండవు. వీడియో యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే వెతికితే కనిపించకుండా, పెట్టి లింకు ఇవ్వండి. లింకు ఉన్న ఎవరైనా చూడగలరు కాబట్టి అందులో పిల్లల ముఖాలు, పేర్లు, మార్కులు రానివ్వకండి. సందేహాలకు గూగుల్ ఫారమ్ పెట్టండి. పిల్లలతో విడిగా చాట్ చేయడం నేను పూర్తిగా మానేశాను. అవసరమైతే తల్లిదండ్రులున్న చోటే మాట్లాడతాను.

ఒరిజినల్ ఫైళ్లు మీ దగ్గరే దాచుకోండి. ఎడ్‌మోడో అనే ఆన్‌లైన్ తరగతుల సైటును నమ్ముకుని ఏళ్ల తరబడి పని పేర్చినవాళ్లం ఉన్నాం. 2022లో అది మూతపడింది.

ఆ అమ్మాయికి పాఠాలు ఎలా అందుతున్నాయి? ముందు అది చూడండి మేడం.

ప్రత్యేక అవసరాల టీచర్:

చిన్న మాట. వీడియోలో "ఇది ఇటు వెళ్తుంది, దీనికి ఇది సమానం" అంటాం కదా. చూపు సరిగా లేని పిల్లలకు ఆ "ఇది" ఏమిటో తెలియదు. "బంతి పైకి వెళ్తోంది, బలాన్ని చూపే బాణం గుర్తు మాత్రం కిందికే ఉంది" అనండి. పక్కన వంట చేసుకుంటూ వినే అమ్మలకు కూడా అర్థమవుతుంది. వినికిడి లోపం ఉన్నవాళ్లకు సబ్‌టైటిల్స్ ఇవ్వండి. వాటంతటవే వచ్చేవాటిని ఒకసారి చదివి దిద్దండి, శాస్త్ర పదాల దగ్గర తప్పులు వస్తాయి.

ఫిజిక్స్ టీచర్:

మూడు వారాలకు మళ్లీ రాస్తున్నాను. అందరికీ నమస్కారాలు.

మాస్టారూ, చూశాను. బంతి నా వీడియోలో 29వ నిమిషంలో వచ్చింది.

పాత వీడియో పక్కన పెట్టేశాను. కొత్తది 5 నిమిషాల 20 సెకన్లు. అందులో మా బడి లెక్కల సార్‌ను పిల్లల జవాబే నమ్మకంగా చెప్పమన్నాను: "చేయి ఇచ్చిన బలం బంతిలో ఉంటుంది, అది అయిపోగానే కింద పడుతుంది." నేను ఆయన్ను ఒకటే అడిగాను: "ఆ బలాన్ని ఇప్పుడు ఏ వస్తువు ఇస్తోంది సార్?" అక్కడే వీడియో ఆపేశాను. జవాబు చెప్పలేదు. కాగితం మీద రాసి తెమ్మన్నాను.

మర్నాడు పాఠం మొదలుపెట్టకముందే రెండు బెంచీల వాళ్లు వాదించుకుంటున్నారు. కాగితాలు ఒక్కొక్కటే చదివి తప్పుల్ని బట్టి నాలుగు కుప్పలు చేశాను, ఒక్కో కుప్ప వాళ్లతో విడిగా కూర్చున్నాను. పీరియడు చాలలేదు. వేగానికీ బలానికీ తేడా తెలియకుండా ఎంతమంది ఉన్నారో ఆ రోజే నాకు కళ్లకు కట్టింది. ఇన్నేళ్లు చెప్పాను, ఒక్కసారి కూడా ఇలా వినలేదు.

గ్రూపు తీసేసి ఛానెల్ పెట్టాను. ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, అందులో నంబరు ఎవరికీ కనిపించదని వాళ్ల అమ్మగారి ఫోనులోనే చూపించాను. ఆలోచిస్తామన్నారు. నాలుగో రోజున ఆ ఫోను నుంచే చేరారు. అప్పటిదాకా వీడియోలు మెమరీ కార్డులో పంపాను.

నిన్న ఫారమ్‌లో ఒక ప్రశ్న వచ్చింది. "టీచర్, బంతి అన్నిటికంటే పైన ఒక్క క్షణం ఆగుతుంది కదా. అప్పుడు బలం సున్నా అయితేనే కదా ఆగేది?" రాసింది ఆ అమ్మాయే. రేపటి వీడియో ఈ ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. ఈసారి లెక్కల సార్ ఏమనాలో సూచించండి.