కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో భూకంపం వస్తే: వీధికి వాకీటాకీలు కావాలా, వాట్సాప్ గ్రూపు చాలదా?

మిషన్‌పీక్‌వాసి:
అందరికీ నమస్కారం. మా వీధిలో 46 ఇళ్లు, అందులో 19 మన తెలుగువాళ్లవే. హేవర్డ్ ఫాల్ట్, అంటే భూకంపాలు పుట్టే నేల పగులు, మన ఊళ్లోంచే పోతుంది. దాని మీద చివరిసారి పెద్ద భూకంపం వచ్చింది 1868 అక్టోబరు 21న. 2014-2043 మధ్య శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 6.7 తీవ్రత లేదా అంతకు మించిన భూకంపం వచ్చే అవకాశం 72 శాతమని అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ల లెక్క. ఆ రోజు ఫోన్లు మూగబోతే ఎవరింట్లో ఏమైందో తెలిసేదెలా?

నేననుకుంటున్నది ఇది. ఎనిమిది ఇళ్లకో వాలంటీర్, చేతిలో ఎఫ్‌ఆర్‌ఎస్ రకం (ఇళ్లలో వాడుకునే చిన్న) వాకీటాకీ. ప్రతి ఇంటి తలుపుకూ "బాగున్నాం" అనో "సాయం కావాలి" అనో కాగితం. వాలంటీర్ అవి చూసుకుంటూ పోయి రేడియోలో చెబుతాడు. హ్యామ్ (దూరాలకు మాట్లాడే ఔత్సాహిక రేడియో) లైసెన్స్ ఉన్నవాళ్లు ఒక్కరున్నా ఆ కబురు సిటీవాళ్లకు చేరవేస్తారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఐదు నిమిషాలు ప్రాక్టీసు. ఏమంటారు?

తెనాలి_77:
వాట్సాప్ గ్రూపు ఉంది కదండీ. కాల్ కలవకపోయినా మెసేజ్ వెళ్తుంది. వాకీటాకీలు కొని సొరుగులో పడేస్తారు, అవసరం వచ్చేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది.

గాజువాక_అమ్మాయి:
2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా అమ్మావాళ్లతో మూడు రోజులు మాట కలవలేదు. వాట్సాప్ అప్పుడూ ఉంది.

తెనాలి_77:
అది తుఫాను. టవర్లు కూలాయి. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

చార్మినార్_హ్యామ్:
ముందు లైసెన్స్ సంగతి తేల్చుకుందాం. ఎఫ్‌ఆర్‌ఎస్‌కు లైసెన్స్ అక్కర్లేదు, కానీ పవర్ రెండు వాట్లు దాటదు. మధ్యలో ఇళ్లు, చెట్లు ఉంటే ఎక్కువ దూరం పోదు. జీఎంఆర్‌ఎస్ అని ఇంకాస్త పవరున్న రకం ఉంది, దానికి లైసెన్స్ కావాలి కానీ పరీక్ష లేదు, 35 డాలర్లు కడితే పదేళ్లు ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. పక్కింటివాళ్లు మాత్రం మీ లైసెన్స్ మీద మాట్లాడకూడదు. హ్యామ్‌కు పరీక్ష ఉంది, 35 ప్రశ్నల్లో 26 సరిగ్గా రాస్తే పాస్.

2004 సునామీ రోజు అండమాన్‌లో ఫోన్లు పోతే, పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు పంపింది హ్యామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ గారు. ఆవిడ అప్పుడక్కడ ఉన్నది మన హైదరాబాద్‌లోని హ్యామ్ రేడియో సంస్థ నియార్ బృందంతోనే. రేడియో అంటే బొమ్మ కాదు, నేర్చుకోవాలి.

మిషన్‌పీక్‌వాసి:
అన్నా, నేనడిగింది వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి. దానికి రెండు వాట్లు చాలవా?

చార్మినార్_హ్యామ్:
చాలొచ్చు. కానీ ఎవరో ఒకరు జీఎంఆర్‌ఎస్ సెట్ కొని పక్కింటాయనకు ఇస్తారు. అది తప్పు. ముందే చెబుతున్నాను.

కొత్తసభ్యుడు:
ఫాలో అవుతున్నా. ఏ కంపెనీది కొనాలి?

తెనాలి_77:
చూశారా, లైసెన్సులు, వాట్లు, కంపెనీలు. ఇంతా చేసి ఆ వాలంటీర్లు ఎవరు? ఇంటింటి లిస్టు ఎవరి దగ్గర ఉంటుంది? దానికి జవాబు లేదు.

తుని_స్టేషన్:
నేను చెబుతాను వాలంటీర్లు ఎవరో. మీ అందరి ప్లానూ రాత్రిపూట భూకంపం వస్తే పనికొస్తుంది. పగలు పదకొండింటికి వస్తే? మీరంతా ఆఫీసుల్లో ఉంటారు, శాన్ హోజేలో ఒకరు, డంబార్టన్ బ్రిడ్జి అవతల ఒకరు. వీధిలో ఉండేది మా అమ్మానాన్నల్లాంటి వాళ్లే. వాళ్ల ఫోన్లలో ఇక్కడి సిమ్ ఉండదు, ఇంటి వైఫై మీదే నడుస్తాయి. కరెంటు పోతే వైఫై పోతుంది, తెనాలి గారూ. మీ గ్రూపు వాళ్లకు అందదు.

పోయిన చలికాలం గాలివానకు కరెంటు పోయింది. ఒకాయన అట్ట పట్టుకుని మా తలుపు కొట్టారు. మా నాన్న తలుపు తీస్తే, "ఇంగ్లిష్ వచ్చా?" అని తెలుగులోనే అడిగి, ఈయన "కొంచెం" అనేసరికి "సరే, మీ అమ్మాయి వచ్చాక వస్తా"నని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. మా నాన్న ముప్పై ఏళ్లు రైల్వేలో స్టేషన్ మాస్టర్. వాకీటాకీ మీకు కొత్త, ఆయనకు కాదు. ఆ అట్ట పట్టుకున్నాయన మీరే, మిషన్‌పీక్ గారూ.

గాజువాక_అమ్మాయి:
అయ్యో.

మిషన్‌పీక్‌వాసి:
నేనే. ఆ రోజు ఇంకా పదిళ్లు తిరగాలన్న తొందరలో ఉన్నాను. పెద్దవాళ్లను "సాయం అందాల్సినవాళ్లు" అన్న గడిలోనే రాసుకున్నాను, చేయగలిగినవాళ్లని తోచలేదు. తప్పు నాదే, మీ నాన్నగారికి నేనే వచ్చి చెబుతాను.

తెనాలి_77:
అయితే ఇప్పుడు ఏ ఇంట్లో పగలు పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటారో, ఏ ఇల్లు ఖాళీయో రాసి పెడతారా? దానికే నేను ఒప్పుకోనిది. బ్యాటరీ సంగతి కాదు నా బాధ. మా ఇంట్లో దొంగలు పడ్డారు. మేం గుడికి వెళ్లిన రెండు గంటల్లో మా అమ్మ గాజులు, ఆవిడ పుస్తెల తాడు పోయాయి. మేం ఎప్పుడు ఉండమో ఎవరికో తెలుసు. అప్పటి నుంచి అమ్మ పగలు కర్టెన్ తీయదు. ఆవిడ పేరు ఎవరి అట్ట మీదా ఎక్కడానికి వీల్లేదు.

తుని_స్టేషన్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది అన్నయ్యా. మా అమ్మకూ అదే భయం.

చార్మినార్_హ్యామ్:
లిస్టు అక్కర్లేదు. రేడియోలో పేర్లు అసలే వద్దు, ఆ చానెల్ ఎవరైనా వినొచ్చు. ఇంటికి ఒక అంకె పెట్టుకోండి. ఏ అంకె ఎవరిదో రెండు పక్కల ఇళ్లకు తెలిస్తే చాలు.

తెనాలి_77:
ఆ పక్కిల్లు ఏదో నేను ఎంచుకుంటాను. అలాగైతే ఆలోచిస్తాను. ఒప్పుకున్నానని రాసుకోకండి.

తుని_స్టేషన్:
బుధవారం పగలు పదకొండింటికి మా వాకిట్లో పెట్టుకుందాం. ఆదివారం సాయంత్రం కాదు. నాన్నకు చెప్పాను. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలని, లేకపోతే మొదటి మాట తెగిపోతుందని అప్పుడే అమ్మకు నేర్పుతున్నారు, టీవీ రిమోట్ చేతికిచ్చి.

మిషన్‌పీక్‌వాసి:
సగం రోజు సెలవు పెట్టి వస్తాను. మా మామయ్యగారిని కూడా తీసుకొస్తాను. సెట్లు రెండు ఉన్నాయి, ఇంకెవరైనా రెండు తేగలరా?