ఇంగ్లిష్ కోర్సే కదా, జర్మన్ కోసం ఏడాది ఆగాలా?

హనుమకొండ నాన్న

మా అమ్మాయి బీటెక్ మెకానికల్ అయిపోయి ఏడాదైంది. జర్మనీలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో మాస్టర్స్ సీటొచ్చింది. అక్టోబర్‌లో క్లాసులు. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే, ట్యూషన్ ఫీజు లేదు. మన డిగ్రీ అసలైనదేనని జర్మనీ వాళ్లు తనిఖీ చేసిచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. అక్కడి ఖర్చులకని వీసా కోసం ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాల్సిన 11,904 యూరోలు కూడా సర్దుకున్నాం. జర్మన్ భాష మాత్రం మొదటి మెట్టు ఏ1 దగ్గరే ఆగింది (దాని తర్వాత ఏ2, బీ1, బీ2). మా బావమరిది "ఏడాది ఆగి, బీ1 పాసయ్యి వెళ్లు" అంటాడు. అమ్మాయి "అక్కడికెళ్లాక నేర్చుకుంటా" అంటుంది. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. అక్కడ ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

బెర్లిన్ కోడర్

అంకుల్, ఆపొద్దు. నేనొచ్చి ఆరేళ్లయింది. మా టీమ్‌లో పదకొండు మందిమి, మీటింగులన్నీ ఇంగ్లిష్‌లోనే. నాది ఇప్పటికీ ఏ2 దాటలేదు, ఉద్యోగానికి ఏ లోటూ లేదు. చాలాచోట్ల సీటు వచ్చే ఏడాదికి అట్టిపెట్టరు, మళ్లీ మొదటినుంచి అప్లై చేయాలి. ఈసారి వచ్చింది వచ్చేసారి కూడా వస్తుందని ఎవరు హామీ ఇస్తారు? చేతికొచ్చిన సీటు వదులుకోమని ఎవరైనా చెబితే నాకు భయమేస్తుంది.

గ్రాట్‌ఫ్రై

అన్న చెప్పింది బెర్లిన్‌లో సాఫ్ట్‌వేర్‌కి నిజం. మెకానికల్‌కి కాదు. అంకుల్, కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేనూ ఇంగ్లిష్ కోర్సుకే, ఏ1 సర్టిఫికెట్‌తోనే, సాక్సనీ రాష్ట్రానికి వచ్చా. మొదటి సెమిస్టర్ హాయిగా గడిచింది. క్లాసులో చాలామంది మనవాళ్లే. హాస్టల్ వంటింట్లో తెలుగే. జర్మన్ అవసరం ఎక్కడా రాలేదు. నన్ను దెబ్బకొట్టింది అదే.

రెండో సెమిస్టర్‌లో వెర్క్‌స్టుడెంట్ పనికి, అంటే చదువుకుంటూ కంపెనీలో వారానికి 20 గంటలు చేసే ఉద్యోగానికి, విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లా. మేనేజర్ ఇంగ్లిష్‌లోనే మాట్లాడాడు. క్యాడ్ గురించి అడిగాడు, టాలరెన్సుల గురించి అడిగాడు, అన్నీ బాగానే చెప్పా. తర్వాత షాప్‌ఫ్లోర్‌కి తీసుకెళ్లి ఒక డ్రాయింగ్ చేతిలో పెట్టాడు. కింద మూలన "కాంటెన్ గ్రాట్‌ఫ్రై" అని ఉంది. అంచుల మీద బర్, అంటే కోశాక మిగిలే గరుకు లోహపు మొన, లేకుండా తీయాలి అని, అంతే. బీటెక్ మొదటి ఏడాది వర్క్‌షాప్‌లో ఆకురాయి పట్టుకుని వేళ్లు నొప్పి పుట్టేదాకా చేసిన పని. చేయడం వచ్చు, దాని పేరు రాదు. లేత్ దగ్గర ఉన్న పెద్దాయన నన్నే చూసి ఏదో అడిగాడు. నేను మేనేజర్ వైపు చూశా. నా బదులు ఆయనే జవాబు చెప్పాడు. ఈ ఉద్యోగం రాదని అప్పుడే అర్థమైపోయింది. ఆయన మర్యాదగానే చెప్పాడు: "మీరు రోజూ మాట్లాడాల్సింది నాతో కాదు, వీళ్లతో." తప్పు ఆయనది కాదు. డ్రాయింగ్ మీది ఆ "గ్రాట్‌ఫ్రై" మాట మర్చిపోకూడదనే ఇక్కడ అదే నా పేరుగా పెట్టుకున్నా.

తర్వాత పద్నాలుగు నెలలు గోదాములో రాత్రిపూట పార్సిళ్లు సర్దా. పనిలో నామోషీ లేదు అంకుల్. కానీ రాత్రి పని చేసి, పగలు క్లాసుకెళ్లి, సాయంత్రం జర్మన్ పుస్తకం తెరిస్తే అక్షరం బుర్రకెక్కదు. "వెళ్లాక నేర్చుకుంటా" అనేవాళ్లు ఈ సాయంత్రాన్ని లెక్కలోకి తీసుకోరు.

పైగా ఇప్పుడు ఇక్కడ మెకానికల్ పరిస్థితి బాగాలేదు. 2030 లోపు 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించుకోవడానికి ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబర్‌లో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. జర్మన్ పుట్టుకతో వచ్చిన ఇంజనీర్లతో మీ అమ్మాయి పోటీ పడాలి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చేది 18 నెలలు. భాష అప్పుడు మొదలుపెడితే ఆ గడువంతా దానికే సరిపోతుంది.

ఆగమనే నా మాట. ఏపీఎస్ సర్టిఫికెట్‌కి గడువు తీరడమంటూ లేదు, అది ఎక్కడికీ పోదు.

ఎల్బీ నగర్ నర్స్

అన్నా, మాకైతే ఈ చర్చే లేదు. నర్సుగా గుర్తింపు రావాలంటే బీ2 ఉండాల్సిందే. అందుకే హైదరాబాద్‌లోనే పది నెలలు, పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా జర్మన్ తప్ప వేరే పని పెట్టుకోలేదు. మొదటి నెల ఏడ్చా. తర్వాత ఒక సంగతి తెలిసొచ్చింది. జర్మన్‌లో "వైల్" అంటే "ఎందుకంటే" అని. ఆ మాట వచ్చిందంటే క్రియ వాక్యం చివరికి పోతుంది, అచ్చం మన తెలుగులాగే. ఇంగ్లిష్‌లో ఆలోచించినన్నాళ్లూ తడబడ్డా, తెలుగులో ఆలోచిస్తే గాడిన పడింది. "డూ", "జీ" తేడా కూడా మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, నువ్వు, మీరు అంతే. మీ అమ్మాయికి ఇది చెప్పండి, భయం సగం పోతుంది.

బెర్లిన్ కోడర్

గ్రాట్‌ఫ్రై తమ్ముడూ, గోదాము సంగతి చదివి బాధేసింది. మెకానికల్ విషయంలో నువ్వే కరెక్ట్, ఒప్పుకుంటున్నా. నా సంగతే ఒకటి చెప్తా. బ్లూ కార్డ్ మీద, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్ మీద, శాశ్వత నివాసానికి ఏ1తో 27 నెలలు ఆగాలి, బీ1 ఉంటే 21 నెలలే. నేను 27 ఆగా. ఆ ఆరు నెలల్లో కంపెనీ మారాలన్నా టెన్షనే.

అయినా ఏడాది ఆగమనడం మాత్రం ఒప్పుకోను. ఇంట్లో కూర్చుని బీ1 పాసైన వాళ్లని కూడా చూశా. ఇక్కడికొచ్చాక బేకరీలో రొట్టె అడగడానికి నోరు పెగల్లేదు. పరీక్ష వేరు, చెవి వేరు. చెవి ఇక్కడే అలవాటవుతుంది. యూనివర్సిటీలోనే లాంగ్వేజ్ సెంటర్ ఉంటుంది, చాలాచోట్ల విద్యార్థులకి ఉచితంగానో నామమాత్రపు ఫీజుతోనో నేర్పుతారు. మొదటి వారంలోనే పేరు రాయించుకోవాలి, ఆలస్యమైతే సీట్లు అయిపోతాయి.

గ్రాట్‌ఫ్రై

చెవి ఇక్కడే అలవాటవుతుంది, నిజమే. కానీ ఏ1తో వచ్చినవాడి చెవికి అంతా గోలలాగే వినిపిస్తుంది అన్నా. కనీసం ఏ2 అయ్యుంటే ఒక్కో మాటా విడిగా వినబడుతుంది. నాకు ఆ మార్పు ఏ రోజు వచ్చిందో కూడా గుర్తుంది. ట్రామ్‌లో ఒక అమ్మమ్మ మనవడిని టోపీ పెట్టుకోమని కసురుతోంది. మొత్తం అర్థమైంది. ఆ రోజు రెండు స్టాపులు ఎక్కువ వెళ్లిపోయా.

హనుమకొండ నాన్న

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించా. ఆగనని మొండికేసింది. అయితే డ్రాయింగ్ సంగతి దగ్గర మాత్రం మళ్లీ చదవమంది. ఇప్పుడు చేస్తున్న చిన్న ఉద్యోగం ఈ నెలాఖరుకి మానేసి, సెప్టెంబర్ దాకా రోజంతా జర్మన్ క్లాసుకే వెళ్తానంది. ఏ2 పరీక్ష రాశాకే విమానం ఎక్కుతానని మాటిచ్చింది. మా బావమరిదికి ఇది నచ్చలేదు, బీ1 లేకుండా పంపడం తప్పే అంటున్నాడు. బాబూ గ్రాట్‌ఫ్రై, నువ్వేమంటావు?

గ్రాట్‌ఫ్రై

నేనూ మీ బావమరిది గారి వైపే అంకుల్, ఇప్పటికీ. కానీ తను వెళ్లేది ఖాయమైతే రెండు పనులు చేయించండి. గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బీ1 జర్మన్ పరీక్షలో నాలుగు భాగాలుంటాయి, విడివిడిగా రాసుకోవచ్చు, ఒక్కోదాంట్లో 100కి 60 వస్తే చాలు. మొదటి వేసవి సెలవుల్లోపు నాలుగూ పూర్తవ్వాలి, ఇప్పుడే క్యాలెండర్‌లో రాసుకోమనండి. రెండోది గది సంగతి. మనవాళ్లంతా కలిసి ఒకే ఫ్లాట్ తీసుకుందామని వాట్సాప్ గ్రూపులో ఈపాటికే అడుగుతూ ఉంటారు. ఒప్పుకోవద్దనండి. కనీసం ఇద్దరు జర్మన్ విద్యార్థులున్న ఇల్లు చూసుకోమనండి. అద్దె ఓ యాభై యూరోలు ఎక్కువైనా సరే.