చీలమండ పైకీ కిందికీ మాత్రమే కదిలితే, పాదం పక్కకి వాలేది ఎక్కడ?

ప్రశ్న
చీలమండ తలుపు బందు లాంటి కీలనీ, పాదాన్ని పైకెత్తడం, కిందికి దించడం తప్ప అక్కడ వేరే కదలిక లేదనీ పాఠంలో ఉంది. కానీ పాదాన్ని చేత్తో పట్టుకుని కదిపితే లోపలికీ బయటికీ కూడా సులువుగా వాలుతోంది. ఆ కదలిక ఏ కీలుది? ఇంకోటి, కాలు బెణికితే ఎక్కువసార్లు బయటివైపే వాస్తుంది, ఎందుకని? ఎముకలు 26, కీళ్లు 33 అని పేర్లతో సహా చెప్పగలను. ఏది ఏ పని చేస్తుందో కాలు మీద చూపించమంటే మాత్రం తడబడుతున్నాను.

జవాబు 1
పాఠంలో ఉన్నదీ నిజమే, మీ చేతికి తెలిసిందీ నిజమే. మీరు పట్టుకున్నది ఒక కీలు కాదండీ, ఒకదాని కింద ఒకటిగా రెండు. మధ్యలో ఉన్న ఎముక టాలస్. దానికి పైన మోకాలి కింది రెండు ఎముకలు, టిబియా (లోపలిది), ఫిబులా (బయటిది) కలిసేచోటు అసలు చీలమండ. పాదం ఎత్తితే సుమారు 20 డిగ్రీలు, దించితే 50 దాకా వచ్చేది అక్కడే. టాలస్ కింద మడమ ఎముకతో కలిసేది సబ్‌టాలర్ కీలు. పక్కకి వాలడం ముఖ్యంగా దాని పని.

చేత్తోనే తేల్చుకోవచ్చు. కూర్చుని మోకాలు వంచి, పాదాన్ని కాలికి 90 డిగ్రీల్లో ఉంచండి. చీలమండకి లోపలా బయటా పొడుచుకొచ్చిన రెండు ఎముక బుడిపెలకూ కాస్త ముందు, కాస్త కిందుగా ఒక చేతి బొటనవేలు, చూపుడువేలు పెట్టి టాలస్‌ని గట్టిగా పట్టుకోండి. రెండో చేత్తో మడమని గుప్పిట్లోకి తీసుకుని లోపలికీ బయటికీ ఊపండి. మీ వేళ్ల మధ్య ఎముక దాదాపు కదలదు, మడమ కదులుతుంది. లోపలికి వాలినంత బయటికి వాలదు, ఇంచుమించు సగమే.

ఇప్పుడు పాదాన్ని కిందికి దించి మళ్లీ ఊపండి. ఈసారి పైకీలులో కూడా కాస్త వదులు తగులుతుంది. టాలస్ పైభాగం ముందు వెడల్పు, వెనక సన్నం. పాదం ఎత్తినప్పుడు వెడల్పు భాగం రెండు బుడిపెల మధ్య బిగుసుకుంటుంది. దించినప్పుడు సన్నటి భాగం వచ్చి కూర్చుంటుంది, ఖాళీ మిగులుతుంది. 90 డిగ్రీల్లో పెట్టకుండా సబ్‌టాలర్‌ని పరీక్షిస్తే రెండు కీళ్ల కదలికా కలిపి కొలిచేస్తారు. విద్యార్థుల కొలతలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

జవాబు 2
బెణుకు సంగతి కూడా ఆ వదులు దగ్గరే మొదలవుతుంది. బయటి బుడిపె లోపలిదానికంటే సుమారు ఒక సెంటీమీటరు కిందికి దిగి ఉంటుంది కాబట్టి బయటికి వాలకుండా ఎముకే అడ్డుపడుతుంది. పైగా లోపలివైపు డెల్టాయిడ్ లిగమెంట్ (లిగమెంట్ అంటే ఎముకని ఎముకకి కట్టే పట్టీ) వెడల్పుగా, దిట్టంగా ఉంటుంది. బయటివైపు విడివిడిగా మూడు లిగమెంట్లు. వాటిలో బయటి బుడిపె నుంచి ముందుకు, టాలస్ మెడకి వెళ్లేది అన్నిటికంటే బలహీనం. మామూలుగా అది అడ్డంగా ఉంటుంది. వేళ్లు కిందికి దిగితే నిలువుగా తిరిగి బిగుసుకుంటుంది. మెట్టు దిగేటప్పుడో, గెంతి కింద పడేటప్పుడో సరిగ్గా ఆ భంగిమలో అరికాలు లోపలికి తిరిగితే మొదట తెగేది అదే. దెబ్బ ఇంకా గట్టిదైతే మడమ ఎముకకి వెళ్లే రెండోది. వెనకది చాలా అరుదు.

ఆ ముందు లిగమెంట్‌ని పరీక్షించాలంటే మోకాలు వంచి పిక్కని వదులు చేయించండి. పాదాన్ని 10–20 డిగ్రీలు దించి, ఒక చేత్తో కాలిని ఆపి, రెండో చేత్తో మడమని ముందుకు లాగండి. రెండో కాలితో పోల్చకుండా ఏమీ తేల్చకండి. మోకాలు చాచి ఉంటే పిక్క కండరం లాగిపట్టుకుని ఉన్న వదులుని దాచేస్తుంది.

ఎముక విరిగిందేమో చూడాలంటే వాపు ఉన్నచోట కాదు, ఎముక మీద నొక్కి చూడాలి: రెండు బుడిపెల వెనక అంచు కింది 6 సెంటీమీటర్లు, బుడిపె కొన, లోపలివైపు టాలస్‌కి ముందున్న నావిక్యులర్ ఎముక, పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే ఐదో మెటాటార్సల్ (చిటికెన వేలి వెనక ఉన్న పొడవాటి ఎముక) మొదలు. వీటిలో ఎక్కడ నొప్పి ఉన్నా, దెబ్బ తగలగానే, పరీక్ష సమయంలో, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఐదో మెటాటార్సల్ మొదలుకి పెరోనియస్ బ్రెవిస్ అనే కాలి కండరం టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) అతుక్కుని ఉంటుంది. పాదం మడత పడినప్పుడు అక్కడ ఎముక ముక్క ఊడి రావచ్చు. బెణుకేలే అని వదిలేసేది తరచూ దీన్నే.

జవాబు 3
మొదటి జవాబుకి ఒక చేర్పు. సబ్‌టాలర్ కీలు తిరిగే అక్షం నేలకి సమాంతరంగా ఉండదు. వెనక నుంచి ముందుకి సగటున 42 డిగ్రీలు పైకి, 16 డిగ్రీలు లోపలికి ఏటవాలుగా పోతుంది. అందుకే మడమ వాలితే కాలు కూడా తిరుగుతుంది. నిలబడి, పాదం కదపకుండా మోకాలిచిప్పని బయటికి తిప్పండి, పాదం వంపు లేస్తుంది. లోపలికి తిప్పితే దిగుతుంది. టాలస్‌కి ఒక్క కండరమూ అతుక్కోదు. పైనా కిందా ఉన్న ఎముకలు ఎటు తోస్తే అటు వెళుతుంది.

పాదం మధ్యలో ఒక్కచోటు మాత్రం గుర్తుంచుకోండి. రెండో మెటాటార్సల్ మొదలు, నావిక్యులర్‌కి ముందున్న క్యూనిఫామ్ అనే చిన్న ఎముకల్లో రెండింటి మధ్య చొచ్చుకుని ఉంటుంది. మొదటి, రెండో మెటాటార్సల్ మొదళ్ల మధ్య లిగమెంట్ లేదు. ఆ లోటు తీర్చేది లోపలి క్యూనిఫామ్ నుంచి రెండో మెటాటార్సల్‌కి ఏటవాలుగా వచ్చే లిస్‌ఫ్రాంక్ లిగమెంట్. మెలిక పడ్డాక అరికాలి మధ్యలో కమిలితే అది దెబ్బతిందేమోనని అనుమానించాలి. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఆ ఎముకల మధ్య పెరిగిన సందు కనిపించకపోవచ్చు. రెండు పాదాల మీదా బరువు వేయించి తీయాలి.

ప్రశ్న అడిగినవారు
90 డిగ్రీల్లో పెట్టి చూశాను, టాలస్ నిజంగానే ఆగిపోయింది. కానీ మడమని కూడా కదలకుండా పట్టుకున్నా పాదం ముందుభాగం ఇంకా మెలి తిరుగుతోంది. అదెక్కడిది?

జవాబు 3
అది షోపార్ట్ కీలు. లోపలివైపు టాలస్–నావిక్యులర్, బయటివైపు మడమ ఎముక–క్యూబాయిడ్ (మడమ ఎముకకి ముందున్న ఎముక), రెండూ కలిసి ఒకే గీతలా పాదానికి అడ్డంగా ఉంటాయి. లోపలి బుడిపె నుంచి ముందుకీ కిందికీ వేలు జరిపితే మొదట చేతికి గట్టిగా తగిలే ఎముక నావిక్యులర్. దానికి కాస్త వెనక వేలు ఆనించి ముందుభాగాన్ని తిప్పండి, కీలు కదలడం వేలికి తెలుస్తుంది.