కలివి కోడి కూత ఒక్కటే సాక్ష్యంగా సరిపోతుందా?

పెన్నా_ఒడ్డు: అంతరించిపోయిందనుకున్న కలివి కోడి 1986లో మన సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర దొరికింది. తర్వాత కొన్నేళ్లు కనబడి మళ్లీ మాయమైంది. 2025 ఆగస్టులో కడప జిల్లాలోనే దాని కూత రికార్డయింది. పిట్ట ఇంకా ఉందనడానికి ఇది చాలదా? నా మటుకు చాలు.

బద్వేలు_బాబాయ్: ఫొటో యాడ?

పెన్నా_ఒడ్డు: అన్నా, అది రాత్రిపూట తిరిగే పిట్ట. పొద్దుగూకాక కాసేపు కూసి ఊరుకుంటుంది. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి దాని అడుగులు వెతికేవాళ్లు పరిశోధకులు. అలాంటిదాన్ని పట్టపగలు ఫొటో తీసుకురమ్మంటే ఎట్లా?

బద్వేలు_బాబాయ్: కూత రికార్డు మోగించి బదులు వస్తుందేమోనని వినడం పాత పద్ధతే. వేరేవాడెవడో ఫోన్లో మోగించిన కూతనే వీళ్లు రికార్డు చేయలేదని గ్యారంటీ ఏంది?

కోటిరెడ్డి_సర్కిల్: 😂 ఇద్దరు కలివి కోడి కోసం పోయి, ఒకరికొకరు కూతలు వినిపించుకుని ఇంటికొచ్చారు.

మైదుకూరు_పిల్ల: స్కాట్లండ్ మ్యూజియంలో ఏళ్ల తరబడి పడున్న గుడ్డు ఒకటి ఈ పిట్టదేనని 2013లో డీఎన్ఏ పరీక్షతో తేల్చారు. దానికి ఎవరూ ఫొటో అడగలేదు.

బద్వేలు_బాబాయ్: గుడ్డు చేతిలో ఉందమ్మా. కూత చేతిలో ఉంటుందా?

పెన్నా_ఒడ్డు: పొద్దున్నుంచీ ఒకటే పాట. నీ బాధ ఫొటో కాదన్నా. తెలుగుగంగ కాలువ. ఆ మాట నేరుగా చెప్పు.

బద్వేలు_బాబాయ్: చెప్తా, నాకేం భయం? ఈ పిట్ట ఉందని కాలువ దారి మార్చారు. కొత్త దారిలో మా ఎకరాలు పోయాయి. పరిహారం కోసం మా నాయన చెప్పులరిగేలా తిరిగాడు, చేతికొచ్చేటప్పటికి ఆయన లేడు. ఇప్పుడు కూత వినబడిందంటున్నారు. రేపు ఇంకెవడి పొలం మీద పడతారో?

లంకమల_మేకలు: కాలువ సంగతి నాకు తెలీదు. ఈ పిట్ట పేరు చెప్పి మా మందను లంకమల అడవి లోపలికి రానియ్యరు. పొదలు మరీ ఒత్తుగా పెరిగినా, మరీ పలచబడినా ఈ పిట్ట ఉండదని ఆ పరిశోధకులే రాశారు. మధ్యమధ్య ఖాళీ నేల ఉండాలంట. మేకలు మేయకుంటే ఆ ఖాళీ ఎట్లా వస్తుంది సామీ?

పెన్నా_ఒడ్డు: మేత మితిమీరితే పొదలే మిగలవు కదబ్బా.

లంకమల_మేకలు: మితం ఎంతో మమ్మల్ని ఒక్కసారన్నా అడిగినారా?

మైదుకూరు_పిల్ల: ఇది సరైన ప్రశ్న. దీనికి విడిగా ఒక థ్రెడ్ పెట్టండి.

పెన్నా_ఒడ్డు: బాబాయ్, మీ నాయన సంగతి తెలియక తొందరపడి అన్నా. పరిహారంలో ఇంకా బాకీ ఉంటే చెప్పు, తెలిసిన లాయరున్నాడు.

బద్వేలు_బాబాయ్: లాయర్లకు పెట్టింది చాలు నాయనా.