‘సోడియం పంపు’లో ఉన్నది ఏ పంపు?

గజపతినగరం, సైన్సు టీచరు:
“సోడియం–పొటాషియం పంపు సోడియాన్ని బయటికి పంపుతుంది.” కణం పొరలో ఉండే ఒక ప్రోటీన్ పేరు ఇది. ఈ వాక్యం చదివిన పిల్లలు రెండు ‘పంపు’లూ ఒకే మాట అనుకుంటున్నారు. పంపడమే సక్రియా రవాణా (శక్తి ఖర్చుపెట్టి వాలుకు ఎదురుగా కదిలించడం) అనుకుని, ఆక్సిజన్ కణంలోకి రావడాన్ని కూడా అందులోనే కలిపేస్తున్నారు. ఆక్సిజన్ వచ్చేది ఉత్త విసరణతో, అంటే ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి దానంతటదే పాకడంతో. అసలు ‘సక్రియా రవాణా’ అన్న పేరైనా సరైనదేనా? పెద్దలు చెప్పాలి.

బొబ్బిలి, తెలుగు పండితులు:
రెండూ వేరు మాటలమ్మా. పంపించడం అనే ‘పంపు’ అచ్చతెలుగు క్రియ. ‘అంపు’ దాని మరో రూపం. పెళ్లిలో అంపకాలు అంటామే, అదే. బోరు పంపులోని ‘పంపు’ ఇంగ్లీషు నుంచి వచ్చిన నామవాచకం. రూపాలు కలవడం కాకతాళీయం. పక్కపక్కన వాడితేనే తికమక, కాబట్టి ఆ వాక్యంలో క్రియను మార్చేయండి.

‘సక్రియా రవాణా’లో మొదటిది సంస్కృతం, రెండోది ఉర్దూ మీదుగా వచ్చిన పారసీకం. సాంకేతిక పదాల్లో ఆ కలయికను నేను తప్పు పట్టను. నా అభ్యంతరం అర్థం మీదే. ‘సక్రియ’ అనగానే చురుగ్గా, వేగంగా అని స్ఫురిస్తుంది. నేనైతే ‘ఎత్తిపోత’ అంటాను. గొట్టా బ్యారేజీ కాలువ నీరు వాలు వెంట దానంతటదే పోతుంది. మెట్టకు కావాలంటే మోటారు పెట్టాలి, కరెంటు పోతే ఆగిపోతుంది. విసరణకూ దీనికీ ఉన్న తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

శ్రీకాకుళం, జీవరసాయన అధ్యాపకుడు:
మాస్టారూ, ‘సక్రియ’ మీద మీ అభ్యంతరం నూటికి నూరుపాళ్లు సబబు. సోడియం ఛానల్ (పొరలో అయాన్లు పోయే దారి) తెరుచుకుంటే సెకనుకు లక్షల్లో అయాన్లు జారిపోతాయి. పంపు కదిలించేవి సెకనుకు కొన్ని వందలే. సక్రియ అన్నదే నెమ్మది!

అయితే ‘ఎత్తిపోత’ను ఒప్పుకోలేను. అది నీటి మాట. ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి నేరుగా నీటిని తోడే పంపు కణంలో ఏదీ లేదు. కణం లవణాలను కదుపుతుంది, నీరు ద్రవాభిసరణతో వాటి వెంట పోతుంది. పేరులోనే నీరు వినిపిస్తే ఈ ముఖ్యమైన సంగతి చెడుతుంది. ‘ఎదురు రవాణా’ అంటే? దేనికి ఎదురు అన్నది పని జరిగే తీరులో కనిపిస్తుంది.

పంపు నోరు ముందు కణం లోపలివైపు తెరిచి ఉంటుంది. 3 సోడియం అయాన్లు అతుక్కుంటాయి. ఏటీపీ తన చివరి ఫాస్ఫేటును పంపులోని ఒక ఆస్పార్టేట్ (అమైనో ఆమ్లం) మీద పెడుతుంది. దాంతో ప్రోటీన్ ఆకారం మారి నోరు బయటివైపు తిరుగుతుంది, సోడియం మీద పట్టు సడలి అయాన్లు బయటికి పోతాయి. ఇప్పుడు బయటి నుంచి 2 పొటాషియం అయాన్లు వచ్చి కూర్చుంటాయి. అప్పుడు ఫాస్ఫేటు ఊడుతుంది. కొత్త ఏటీపీ వచ్చి అతుక్కోగానే నోరు మళ్లీ లోపలికి తిరిగి పొటాషియంను వదులుతుంది. ఫాస్ఫేటు ఎక్కే దశకు సోడియం, దిగే దశకు పొటాషియం అవసరం. అందుకే ఏటీపీ ఊరికే కరిగిపోదు.

లెక్క చూడండి. సోడియం బయట లీటరుకు సుమారు 145 మిల్లీమోల్, లోపల 12. పొటాషియం బయట 4, లోపల 140. లోపలివైపు 70 మిల్లీవోల్టుల రుణావేశం. సోడియంకు గాఢతా విద్యుత్తూ రెండూ ఎదురే: మోలుకు 13 కిలోజౌళ్లు. పొటాషియంకు గాఢత ఎదురైనా విద్యుత్తు సాయం చేస్తుంది కనుక రెండున్నర లోపే. మొత్తం 3 సోడియం, 2 పొటాషియంకు 44 దాకా అవుతుంది. కణంలో ఏటీపీ విచ్ఛిత్తి ఇచ్చేది 50 పైచిలుకు. అంత బిగువుగా నడిచే యంత్రం ఇది. దీన్ని డెన్మార్క్‌కు చెందిన యెన్స్ స్కూ పీత కాలి నరాల్లో గుర్తించి 1957లో ప్రకటించారు. 1997 రసాయన నోబెల్‌లో సగం ఆయనది.

గజపతినగరం, సైన్సు టీచరు:
మరి పేగులో గ్లూకోజును లోపలికి తెచ్చే ప్రోటీన్ ఏటీపీని ముట్టుకోదు కదండీ. అది ఎదురు రవాణానేనా?

శ్రీకాకుళం, జీవరసాయన అధ్యాపకుడు:
ఎదురేనమ్మా. ఖర్చు మాత్రం వేరే చోట పడుతుంది. 2 సోడియం అయాన్లు వాలు వెంట లోపలికి జారుతూ 1 గ్లూకోజును తోడు తెస్తాయి. ఆ వాలును నిలబెట్టేది కణం వెనకవైపున్న సోడియం పంపు. అది ఆగితే కాసేపటికి గ్లూకోజూ ఆగుతుంది. దీన్ని ‘జంట రవాణా’ అంటే చక్కగా ఉంటుంది.

విరేచనాలకు తాగించే ఓఆర్‌ఎస్ నిలబడింది దీని మీదే: సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి పోతే నీరు వాటి వెంట పోతుంది. లీటరు ప్యాకెట్‌లో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 ఉంటాయి. సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్ అయ్యేలా తూచి పెట్టినవి. ఆ ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసుడు నీళ్లలో కలిపితే ద్రావణం చిక్కనై పేగులోకే నీటిని లాగుతుంది, విరేచనాలు ఎక్కువవుతాయి. రుచికని పంచదార వేసినా అదే ప్రమాదం.

పలాస, ల్యాబ్ టెక్నీషియన్:
పేరు ఏదైనా ‘ఆగితే ఏమవుతుంది’ అన్నది అందులో వినిపించాలండి. ఉద్దానంలో కిడ్నీ రోగుల పొటాషియం అంకె మీద వైద్యం నడుస్తుంది, అక్కడ ఈ పంపే తప్పు రిపోర్టు ఇప్పించగలదు. సీరం (రక్తం గడ్డ కట్టాక మిగిలే తేట ద్రవం) వేరు చేయకుండా రక్తాన్ని అలాగే ఫ్రిజ్‌లోనో ఐస్ డబ్బాలోనో పెడితే చలికి ఎర్రకణాల పంపు మందగిస్తుంది. పొటాషియం కారడం మాత్రం ఆగదు. రోగికి 4.5 ఉన్నా మిషన్ 6 చూపించవచ్చు. కణాలు పగిలితే సీరం ఎర్రబడి మనకు తెలుస్తుంది. చలికి కారినప్పుడు సీరం తేటగానే ఉంటుంది, కంటికి ఏ ఆనవాలూ దొరకదు. అందుకని గది ఉష్ణోగ్రతలో గడ్డ కట్టనిచ్చి, 2 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ తిప్పి, సీరం వేరు చేశాకే చల్లగా పెట్టాలి. ఊదా మూత ట్యూబులో పొటాషియం ఈడీటీఏ ఉంటుంది, అది కాల్షియంను పట్టేసి రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. ముందు అది నింపి తర్వాత సీరం ట్యూబు పట్టినా అంకె పెరగవచ్చు. అప్పుడు కాల్షియం కూడా తగ్గి కనిపిస్తే అనుమానించాలి.

బొబ్బిలి, తెలుగు పండితులు:
‘కారడం’ బాగుంది బాబూ. ఛానల్‌లో జారడం, పొరలో కారడం, పంపుతో తోడడం. మూడు పనులకు మూడు క్రియలు దొరికాయి. ‘ఎత్తిపోత’ను వెనక్కి తీసుకుంటున్నాను, నీటి అభ్యంతరం గట్టిది.

గజపతినగరం, సైన్సు టీచరు:
అయితే బోర్డు మీద ఇలా రాస్తాను: “సోడియం–పొటాషియం పంపు 1 ఏటీపీ ఖర్చుపెట్టి 3 సోడియం అయాన్లను, 2 పొటాషియం అయాన్లను తోడుతుంది.”

బొబ్బిలి, తెలుగు పండితులు:
తోడడం లోపలి నుంచి బయటికే అమ్మా. పొటాషియంకు అది పొసగదు. “3 సోడియం అయాన్లను బయటికి తోడి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది” అని రాయండి.