ఎక్స్‌పార్టీ అయితే కేసు పోయినట్టేనా?

రాజోలు కుర్రాడు:
మా బాబాయి కువైట్‌లో ఉంటారు. కొబ్బరితోట పంపకం దావాలో ఆయన పేరున వచ్చిన సమన్లు కోర్టువాళ్లు ఇక్కడి ఇంటి తలుపుకి అంటించి వెళ్లారు. ఇల్లు తాళం వేసి ఉంది. వాయిదాకి రాలేదని ఎక్స్‌పార్టీ చేశారు. ఇక చెయ్యడానికేమీ లేదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా అండి?

భీమవరం చెరువుల రైతు:
నిజమే మరి. మా లీజు బాకీ దావాలో అవతలివాళ్లు సమన్లు తీసుకోరు, ఇంట్లో లేరని చెప్పిస్తారు. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) అయి, దాన్ని అమలు చెయ్యమని ఈపీ వేశాక మాత్రం మాకేమీ తెలీదంటూ పరుగెత్తుకొస్తారు. అలాంటివాళ్లకి మళ్లీ అవకాశం ఎందుకు?

అమలాపురం ప్లీడరు గుమాస్తా:
మీ బాధ న్యాయమే గానీ, ఎక్స్‌పార్టీ చెయ్యడం వేరు, ఎక్స్‌పార్టీ డిక్రీ వేరండి. మొదటిది ‘ప్రతివాది రాలేదు, విచారణ సాగిద్దాం’ అనడం మాత్రమే. వాది అప్పుడు కూడా తన కేసు రుజువు చేసుకోవాలి. డిక్రీ కాకముందు తగిన కారణం చూపి వెనక్కి రావచ్చు. కారణం చాలకపోయినా, కేసు ఉన్న దశ నుంచి పాల్గొనే హక్కు ఉంటుందని 1955లోనే సంగ్రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

డిక్రీ అయిపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద రద్దుకి పిటిషన్ వెయ్యాలి. గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ రోజులు డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి లెక్క.

రాజోలు కుర్రాడు:
తలుపుకి అంటిస్తే అందినట్టేనా?

అమలాపురం ప్లీడరు గుమాస్తా:
మనిషి ఊళ్లోనే ఉండి తప్పించుకుంటే ఆ పద్ధతి సరే. మీ బాబాయి విదేశంలో ఉన్నారు. ఇక్కడ ఆయన తరఫున సమన్లు తీసుకునే ఏజెంటు లేకపోతే కువైట్ చిరునామాకే పంపాలి. పంపకం దావా అంటే వేసింది సొంతవాళ్లే కదా, ఆయన ఎక్కడున్నారో వాళ్లకి తెలియదా? నాకు కోపం వచ్చేది ఇక్కడే. కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్లు ఎన్ని తాళాలేసి ఉన్నాయో అందరికీ తెలుసు.

భీమవరం చెరువుల రైతు:
మీ బాబాయి సంగతి ఒప్పుకుంటాను. మరి కావాలని తప్పించుకునేవాళ్ల మాటేమిటి?

అమలాపురం ప్లీడరు గుమాస్తా:
వాయిదా తేదీ తెలిసి, రావడానికి టైమూ ఉంటే, సమన్లలో చిన్న లోపం ఉందని మాత్రమే డిక్రీ రద్దు చెయ్యకూడదని అదే రూల్లో ఉంది. రద్దు చేసినా ఖర్చులు కట్టమనవచ్చు, కోర్టులో డబ్బు డిపాజిట్ చెయ్యమనవచ్చు. మీ వకీలు చేత ఆ షరతు గట్టిగా అడిగించండి.

కుర్రాడూ, డిక్రీ అయిందో లేదో రేపే కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో చూడు.